హెపారినేజ్-3: కణం మీది చక్కెర గొలుసులను కోసే ఎంజైముపై ఒక సమీక్ష

కణాలను పెరగమని ప్రేరేపించే ప్రోటీన్లైన వృద్ధి కారకాల మీద పనిచేసే ప్రయోగశాలల్లో ఎప్పుడో ఒకప్పుడు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కణాలకు మనం అందించిన ప్రోటీను, కణం మీద తనను అందుకునే ప్రోటీనైన గ్రాహకాన్ని తానే పట్టుకుని సంకేతం పంపుతోందా, లేక కణం ఉపరితలాన్ని దట్టంగా కప్పి ఉన్న హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసుల సాయంతో ఆ పని చేస్తోందా? దీనికి జవాబు రాబట్టడానికి బజారులో దొరికే సామగ్రిలో హెపారినేజ్-3 అనే బ్యాక్టీరియా ఎంజైముకే నేను మొదటి స్థానం ఇస్తాను. హైదరాబాదులోని మా ప్రయోగశాలలో దీన్ని చాలాకాలంగా వాడుతున్నాం. ఒకటికి మించిన సంస్థల సరుకు మా చేతుల మీదుగా వెళ్లింది. అందుచేత ఈ సమీక్షను ఏ ఒక్క కంపెనీ సీసాకో పరిమితం చెయ్యకుండా, ఈ ఎంజైమునూ, దానితోపాటు తప్పక కొనవలసిన, కోత జరిగిందో లేదో చూపే 3జీ10 అనే యాంటీబాడీనీ కలిపి తూచి చూస్తున్నాను. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పరిశోధక విద్యార్థులు, చిన్న గ్రాంటుతో ప్రయోగాలు నడుపుకునే అధ్యాపకులు ఆర్డరు పెట్టే ముందు దీన్ని చదవాలని నా కోరిక.

ఎంజైము కోసేదేమిటో ముందు చెప్పాలి. కణం పొర మీద హెపరాన్ సల్ఫేట్‌ను మోసే ప్రోటియోగ్లైకాన్లలో (చక్కెర గొలుసులు అతికిన ప్రోటీన్లలో) రెండు కుటుంబాలు ప్రధానమైనవి. క్షీరదాల్లో నాలుగు సిండికాన్లు, ఆరు గ్లిపికాన్లు ఉన్నాయి. సిండికాన్ ప్రోటీను పొరను దాటి కణం లోపలికి పొట్టి తోకను చాపుతుంది; గ్లిపికాన్ మాత్రం జీపీఐ అనే కొవ్వు లంగరుతో పొర బయటి ముఖానికే అతుక్కుని ఉంటుంది. రెండింటిలోనూ ప్రోటీనులోని కొన్ని సెరీన్ అనే అమైనో ఆమ్లాల నుంచి చక్కెర గొలుసులు బయటికి సాగుతాయి. ఒక జైలోజు, రెండు గెలాక్టోజులు, ఒక గ్లూకురానిక్ ఆమ్లంతో మొదలయ్యే గొలుసు, ఆ తర్వాత గ్లూకోజమైను, యురోనిక్ ఆమ్లం జతలుగా పొడవునా పెరుగుతూ పోతుంది. పెరిగే కొద్దీ వేరే ఎంజైములు దాని మీద సల్ఫేట్లు అమరుస్తాయి, అదీ అంతటా సమానంగా కాదు. కొన్ని చోట్ల సల్ఫేట్లు కిక్కిరిసి ఉంటాయి, మధ్యలో పొడుగాటి భాగాలు దాదాపు వట్టివిగా మిగులుతాయి. సల్ఫేట్ల ఋణావేశమూ, వృద్ధి కారకాల ఉపరితలం మీది లైసిన్, ఆర్జినిన్‌ల ధనావేశమూ ఒకదాన్నొకటి ఆకర్షించడం వల్ల, పక్కనుంచి పోతున్న ప్రోటీను ముళ్లకంపకు కొంగు చిక్కినట్టు ఈ గొలుసులకు చిక్కుతుంది. అయితే ఇది కేవలం ఆవేశాల ఆకర్షణ కాదు. ఎఫ్‌జీఎఫ్-2 అనే వృద్ధి కారకం గొలుసుకు అంటుకోవడానికి గ్లూకోజమైను నైట్రోజన్ మీది సల్ఫేటూ, యురోనిక్ ఆమ్లాల్లో ఒకటైన ఐడ్యురానిక్ ఆమ్లం రెండో స్థానంలోని సల్ఫేటూ సరిపోతాయి కానీ, అది తన గ్రాహకాన్ని కలుపుకుని సంకేతం పంపాలంటే గ్లూకోజమైను ఆరో స్థానంలో కూడా సల్ఫేట్ ఉండాలి. పట్టి ఉంచడానికి ఒక అమరిక, పని చేయించడానికి మరొక అమరిక అన్నమాట. ఈ అంశంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే సంగతి ఇదే.

ప్రోటియోగ్లైకాన్లు కణాల మధ్య సందులు నింపే జిగురు మాత్రమేనన్న అభిప్రాయాన్ని గట్టిగా కదిలించిన సంవత్సరం 1991. ఆ ఏడాది యయోన్, క్లాగ్స్‌బ్రన్, ఎస్కో, లెడర్, ఆర్నిట్జ్ బృందం, గ్లైకోజమైనోగ్లైకాన్ గొలుసులను (హెపరాన్ సల్ఫేట్ ఈ రకానిదే) తయారుచేసుకోలేని చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లోకి ఎఫ్‌జీఎఫ్ గ్రాహకాన్ని ప్రవేశపెట్టి చూసింది. గ్రాహకం పొర మీద ఉన్నా, ఎఫ్‌జీఎఫ్-2 దాన్ని గట్టిగా పట్టుకోలేకపోయింది. బయటి నుంచి హెపారిన్ (హెపరాన్ సల్ఫేట్‌ను పోలిన, సల్ఫేట్లు మరింత కిక్కిరిసిన గొలుసు) చేర్చగానే పట్టుకుంది. అదే ఏడాది రాప్రేగర్, క్రుఫ్కా, ఓల్విన్‌లు ఫైబ్రోబ్లాస్టుల్లోనూ, కండర పూర్వకణాల్లోనూ సల్ఫేట్ల అమరికను అడ్డుకుని, ఎఫ్‌జీఎఫ్-2 ప్రభావం తగ్గిపోవడాన్ని చూపించారు. 2000లో వెలువడిన రెండు స్ఫటిక నిర్మాణాలు వృద్ధి కారకం, గ్రాహకం, హెపారిన్ ముక్క మూడూ ఒకే కట్టగా ఒదిగి ఉండటాన్ని కళ్లకు కట్టాయి. హెపారిన్ ముక్కలు ఆ కట్టలో రెండా ఒకటా అన్న విషయంలో ఆ రెండు నిర్మాణాలకూ పొత్తు కుదరలేదు. చక్కెర గొలుసు సహ గ్రాహకమన్న (గ్రాహకానికి తోడుగా పనిచేస్తుందన్న) మాట మాత్రం అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. దాన్ని మీ సొంత కణాల్లో, మీ సొంత వృద్ధి కారకంతో పరీక్షించుకునే అవకాశం ఇస్తుంది కనుకనే హెపారినేజ్-3 విలువైనది.

ఈ ఎంజైము మొదట ఫ్లేవోబ్యాక్టీరియం హెపారినం అనే నేల బ్యాక్టీరియా నుంచి వచ్చింది. ఆ సూక్ష్మజీవిని ఇప్పుడు పెడోబ్యాక్టర్ హెపారినస్ అంటున్నారు. దానికి ఇలాంటి ఎంజైములు మూడున్నాయి. మొదటిది సల్ఫేట్లు కిక్కిరిసిన హెపారిన్ వంటి భాగాలను కోస్తుంది, మూడోది సల్ఫేట్లు తక్కువగా ఉన్న భాగాలను కోస్తుంది, రెండోది రెండు చోట్లా పనిచేస్తుంది. కణం మీది గొలుసులో వట్టి భాగాలే ఎక్కువ కాబట్టి, ఉపరితలాన్ని ఖాళీ చెయ్యాలంటే మూడోదే తగినది. ఒకటి, మూడు కలిపి అమ్మే మిశ్రమాలూ ఉన్నాయి. గొలుసును వీలైనంత పూర్తిగా తీసెయ్యడమే లక్ష్యమైతే మిశ్రమం మెరుగు. ఏ భాగం పోయిందో తెలియాలనుకునేవారు విడి ఎంజైములనే కొనుక్కోవాలి.

ఇక సరుకు సంగతి. వచ్చేది చిన్న సీసా. కొన్ని సంస్థలు పొడిగా పంపుతాయి, కొన్ని ద్రవరూపంలో ఘనీభవింపజేసి పంపుతాయి. సీసా మీద రాసిన యూనిట్ల సంఖ్య చూసి ధరలు పోల్చుకోవద్దని అందరికీ గట్టిగా చెబుతాను. ఒక సంస్థ నిమిషానికి ఒక మైక్రోమోలు అసంతృప్త యురోనిక్ ఆమ్లాన్ని విడుదల చేసే ఎంజైము పరిమాణాన్ని ఒక యూనిట్ అంటుంది. మరో చోట గంటకు 0.1 మైక్రోమోలు విడుదల చేసేదే ఒక యూనిట్. లెక్క వేసుకుంటే రెండింటి మధ్య 600 రెట్ల తేడా ఉంది. ఒక ప్రచురిత వ్యాసంలో కనిపించిన యూనిట్ల సంఖ్యను యథాతథంగా తీసుకుని వేరే సంస్థ ఎంజైముతో ప్రయోగం చేస్తే, అయితే గొలుసులు తెగనే తెగవు, లేకపోతే నెలలు రావలసిన సీసా ఒక్క పూటకే అయిపోతుంది. కొనే ముందు యూనిట్ నిర్వచనాన్ని, ఉష్ణోగ్రతతో సహా, రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఎంజైము అందాక దాన్ని ప్రయోగశాలలోనే కొలుచుకోవడం కూడా తేలికే. గొలుసు తెగినప్పుడల్లా తెగిన చోట యురోనిక్ ఆమ్లంలో ఒక ద్విబంధం ఏర్పడుతుంది, అది 232 నానోమీటర్ల దగ్గర కాంతిని శోషిస్తుంది. క్వార్ట్జ్ క్యూవెట్టు, మామూలు అతినీలలోహిత స్పెక్ట్రోఫోటోమీటరు, కొంచెం హెపరాన్ సల్ఫేట్ ఉంటే పావుగంటలో మీ సీసాలో ఎంత సత్తా ఉందో తెలిసిపోతుంది.

వాడకంలో దీనికి కొన్ని పట్టింపులు ఉన్నాయి. వేడికి త్వరగా నీరసించే ఎంజైము ఇది. 37 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ అదే చురుకుతో పనిచేస్తుందని ఆశించరాదు. మేము కణాలను రాత్రంతా సీరం లేని మాధ్యమంలో ఉంచి, ఉదయం కొద్దిగా ఆల్బుమిన్ కలిపిన తాజా మాధ్యమంలో ఎంజైము వేసి, సగం సమయం గడిచాక మరో మోతాదు చేరుస్తాం. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించడం ఈ ఎంజైముకు బొత్తిగా పడదు కాబట్టి, సీసా వచ్చిన రోజే చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో పెట్టాలి. ఆల్బుమిన్ కలపకుండా పలచబరిస్తే ఎంజైము ట్యూబు గోడకు అంటుకుపోయి నష్టం జరుగుతుంది. కోత పూర్తయ్యాక కణాలను మంచి ఓపికతో కడగాలి. తెగిపడిన ముక్కలు మాధ్యమంలోనే తేలుతుంటాయి, వాటిలో సల్ఫేట్లు దట్టంగా ఉన్న భాగాలు వృద్ధి కారకాన్ని పట్టుకునే శక్తిని పోగొట్టుకోవు. కడగకుండా ఎఫ్‌జీఎఫ్-2 వేస్తే గ్రాహకం చూసేది ఖాళీ ఉపరితలాన్ని కాదు, తేలుతున్న ముక్కల గుంపును. కడిగిన తర్వాత ఆలస్యమూ చెయ్యరాదు. కణం ఊరికే కూర్చోదు. కొన్ని గంటల్లోనే కొత్త ప్రోటియోగ్లైకాన్లను పొర మీదికి పంపుకుంటుంది.

యాంటీబాడీని విడిగా మెచ్చుకోవాలి. బెల్జియంలోని లూవెన్‌లో గీడో డేవిడ్ బృందం 1992లో వర్ణించిన యాంటీబాడీల్లో 3జీ10 ఒకటి. ఇది చెక్కుచెదరని హెపరాన్ సల్ఫేట్‌ను గుర్తించదు. హెపారినేజ్ కోసిన తర్వాత ప్రోటీనుకు అంటి మిగిలిన మోడు చివర ఏర్పడే అసంతృప్త యురోనిక్ ఆమ్లాన్నే పట్టుకుంటుంది. అంటే ఎంజైము పనిచేసిందనడానికి అది తిరుగులేని సాక్ష్యం. పైగా ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో ఒక్కో ప్రోటియోగ్లైకాన్ ప్రోటీను తన పరిమాణం దగ్గర ఒక్కో పట్టీగా కనిపిస్తుంది కాబట్టి, మీ కణాల్లో ఏయే ప్రోటియోగ్లైకాన్లు ఉన్నాయో కూడా ఒక అంచనా వస్తుంది. మన శరీరంలోని హెపారనేజ్ అనే ఎంజైము జలవిశ్లేషణతో గొలుసును తెంచుతుంది కనుక దాని కోత వల్ల ఈ గుర్తు ఏర్పడదు, ఆ రెండింటినీ కలగలిపి పొరబడే ప్రమాదం లేదు. మొదటిసారి ఈ బ్లాట్ చేసిన ఒక పరిశోధక విద్యార్థిని ఫిల్ము తెచ్చి చూపించి, "సార్, ఎంజైము వెయ్యని లేన్‌లో ఒక్క బ్యాండూ రాలేదు, యాంటీబాడీ పాడైపోయిందేమో" అని దిగులుపడింది. "అక్కడ రాకపోవడమే మనకు కావాలమ్మా, పక్క లేన్ చూడు" అన్నాను. ఎంజైము వేసిన లేన్‌లో పట్టీలు ఒకదాని కింద ఒకటి ముదురుగా, స్పష్టంగా ఉన్నాయి. ఇంత శుభ్రమైన కంట్రోలు తనంతట తానే దొరికే యాంటీబాడీలు అరుదు. దీనికి జతగా 10ఈ4 అనే మరో యాంటీబాడీ ఉంది. అది కోయని గొలుసును గుర్తిస్తుంది కాబట్టి, ఎంజైము తర్వాత దాని సంకేతం పడిపోవాలి. డబ్బు సరిపోతే రెండూ కొనండి, ఒకటే కొనగలిగితే 3జీ10 కొనండి.

ఫలితాల విషయానికి వస్తే, ఫైబ్రోబ్లాస్టుల మీద మిల్లీలీటరుకు కొద్ది నానోగ్రాముల ఎఫ్‌జీఎఫ్-2 వేసి పది నిమిషాలకు కణాలను కరిగించి, సంకేతం లోపలికి అందిందని చూపే ఫాస్ఫో-ఎర్క్ అనే ప్రోటీనును చూస్తే, 42, 44 కిలోడాల్టన్ల దగ్గర రావలసిన జంట పట్టీలు హెపారినేజ్-3 వేసిన నమూనాలో వెలవెలబోతాయి. అదే నమూనాకు తగుమాత్రం హెపారిన్ చేరిస్తే పట్టీలు మళ్లీ ముదురుతాయి. హెపారిన్ మరీ ఎక్కువైతే తిరిగి తగ్గుతాయి, ఎందుకంటే అప్పుడు వృద్ధి కారకమూ గ్రాహకమూ వేర్వేరు గొలుసులకు చిక్కి ఒకదానికొకటి దూరమవుతాయి. హెపారిన్‌కు అంటుకోని ఈజీఎఫ్ అనే మరో వృద్ధి కారకంతో పోల్చి చూస్తే దాని సంకేతంలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. అందుకే ప్రతి ప్రయోగంలోనూ ఈజీఎఫ్ లేన్ ఉండి తీరాలని నేను పట్టుబడతాను. ఎంజైము సీసాలో వేరే మలినాలుండి కణాలకు హాని చేసి ఉంటే ఈజీఎఫ్ స్పందన కూడా పడిపోయేది. రక్తనాళాల లోపొర కణాలతో పనిచేసేవారికి మరింత చక్కని జోడీ ఉంది. వీఈజీఎఫ్ అనే రక్తనాళాల వృద్ధి కారకం రూపాల్లో వీఈజీఎఫ్-165కు హెపారిన్‌ను పట్టుకునే భాగం ఉంది, వీఈజీఎఫ్-121కు లేదు. ఒకే జన్యువు నుంచి వచ్చిన ఈ రెండు రూపాలను పక్కపక్కన పరీక్షిస్తే గొలుసుల పాత్ర వేరుపడి కనిపిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎఫ్‌జీఎఫ్-2 మోతాదును బాగా పెంచితే, గొలుసులు లేకపోయినా సంకేతం చాలావరకు వస్తుంది. ఎంజైము విఫలమైందనడానికి అది రుజువు కాదు. హెపరాన్ సల్ఫేట్ ముఖ్యంగా చేసేది తక్కువ మోతాదులో ఉన్న కారకాన్ని కూడగట్టి, గ్రాహకంతో దాని బంధాన్ని గట్టిపరచడం. కారకం కావలసినంత ఉన్న చోట ఆ సాయం అవసరం తగ్గుతుంది. శరీరంలో కణాలకు అందేవి సాధారణంగా తక్కువ మోతాదులే కాబట్టి, ఒకే ఒక్క ఎక్కువ మోతాదుతో పరీక్షించి హెపరాన్ సల్ఫేట్ అక్కర్లేదని తేల్చెయ్యడం సరికాదు. మోతాదుల వరుస పెట్టి గీసిన వక్రరేఖే ఈ ఎంజైముకు న్యాయం చేస్తుంది.

ఈ సరుకు చెయ్యలేని పనులు కూడా చెప్పాలి. అది గొలుసును తీస్తుంది, ప్రోటీనును తియ్యదు. బీటాగ్లైకాన్ అనే ఉపరితల ప్రోటియోగ్లైకాన్ ఎఫ్‌జీఎఫ్-2ను తన హెపరాన్ సల్ఫేట్ గొలుసులతో పట్టుకుంటుంది కానీ, టీజీఎఫ్-బీటా అనే కారకాన్ని తన ప్రోటీనుతోనే పట్టుకుంటుంది. గ్లిపికాన్-3 కూడా హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రోటీనును తన ప్రోటీను భాగంతో నేరుగా పట్టుకోగలదు. గ్లిపికాన్-3 జన్యువు చెడిపోయిన పిల్లల్లో శరీరం మితిమీరి పెరిగే సింప్సన్–గోలబి–బెమెల్ సిండ్రోమ్ కనిపిస్తుందని 1996లో గుర్తించారు. ప్రోటియోగ్లైకాన్లు సంకేతాలను పెంచడమే కాదు, అదుపులో కూడా ఉంచుతాయని దీని వల్ల తెలుస్తుంది. అలాంటి చోట్ల ఎంజైము ఫలితం శూన్యంగా వస్తే ప్రోటియోగ్లైకాన్‌కు పాత్ర లేదని రాయకూడదు. సిండికాన్-4 తోక కణం లోపల ప్రోటీన్ కైనేజ్ సీ-ఆల్ఫా అనే ఎంజైమును కదిలించే పని కూడా ఈ ఎంజైము పరిధిలోకి రాదు. గొలుసు మీది సల్ఫేట్ల అమరికను గురించీ ఇది ఏమీ చెప్పదు. ఆరో స్థానంలోని సల్ఫేట్లను కణం బయటే తొలగించే సల్ఫ్ ఎంజైములు ఎఫ్‌జీఎఫ్ సంకేతాన్ని తగ్గిస్తూ వింట్ అనే మరో కారకం సంకేతాన్ని పెంచగలవు. ఒకే మార్పు రెండు కారకాలను రెండు దిక్కులకు నడిపించే ఈ సూక్ష్మత, గొలుసంతటినీ కోసి పారేసే ప్రయోగంలో కనిపించే అవకాశం లేదు.

తెగిన ముక్కల సంగతి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను. ఎంఐటీలో రామ్ శశిశేఖరన్ బృందం 2002లో ఎలుకల మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాల మీద చేసిన పనిలో, హెపారినేజ్-1తో వచ్చిన ముక్కలు కణితి పెరుగుదలను ప్రోత్సహించగా, హెపారినేజ్-3తో వచ్చినవి అడ్డుకున్నాయి. కణం మీది గొలుసు అదే, కోసిన ఎంజైము వేరు, ఫలితాలు పరస్పర విరుద్ధం. కనుక ఒకటి దొరకకపోతే మరొకటి వాడదామనుకునే సర్దుబాటు ఇక్కడ పనికిరాదు. మీ వ్యాసంలో ఏ ఎంజైమో, ఏ మోతాదో, కోత తర్వాత ఎలా కడిగారో స్పష్టంగా రాయాలి.

ప్రత్యామ్నాయాల్లో సోడియం క్లోరేట్ అన్నిటికంటే చవక. అది సల్ఫేట్ దాత అయిన పీఏపీఎస్ తయారీని అడ్డుకుంటుంది కాబట్టి హెపరాన్ సల్ఫేట్‌తోపాటు మరో రకం గొలుసైన కాండ్రాయిటిన్ సల్ఫేట్, టైరోసిన్ల మీది సల్ఫేట్ అన్నీ దెబ్బతింటాయి. తక్కువ సల్ఫేట్ ఉన్న మాధ్యమమూ కావాలి. మొదటి అంచనాకు పనికొస్తుంది, తుది రుజువుకు చాలదు. 1985లో ఎస్కో, స్టీవర్ట్, టేలర్‌లు వర్ణించిన హ్యామ్‌స్టర్ కణాల మ్యూటెంట్లు అద్భుతమైన పనిముట్లు. వాటిలో 745 అనే సంతతికి గొలుసు మొదలుపెట్టే జైలోజు ఎంజైమే లేదు. ఆ తర్వాత వర్ణించిన 677 సంతతికి హెపరాన్ సల్ఫేట్ లేదు కానీ కాండ్రాయిటిన్ సల్ఫేట్ మామూలు కంటే ఎక్కువ. ఎఫ్‌జీఎఫ్ పరీక్షించాలంటే వీటిలో గ్రాహకాన్ని మీరే ప్రవేశపెట్టుకోవాలి. సొంత కణాల్లో హెపరాన్ సల్ఫేట్ గొలుసును పెంచే ఈఎక్స్‌టీ-1 జన్యువును క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో తొలగించగలిగినవారికి అదే ఉత్తమం, అయితే దానికి నెలలు పడుతుంది. హెపారినేజ్-3 జవాబు ఒక్క రోజులో వస్తుంది. రోగి నుంచి తీసిన ప్రాథమిక కణాల్లాంటివి ఎక్కువ కాలం నిలవవు కాబట్టి, వాటికి ఈ ఎంజైమును మించిన దారి నాకు కనిపించడం లేదు.

ఒక చిన్న జాగ్రత్త, కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమెట్రీ చేసేవారికి. కణాలను పళ్లెం నుంచి ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్‌తో లేపితే అది ఉపరితల ప్రోటియోగ్లైకాన్ల ప్రోటీనునే తెంచేస్తుంది. ఇక ఎంజైము వేసినా వెయ్యకపోయినా 10ఈ4 సంకేతం తక్కువగానే కనిపిస్తుంది, తేడా మాసిపోతుంది. ప్రోటీన్లను కొయ్యని ఈడీటీఏ అనే రసాయనంతో నెమ్మదిగా లేపాలి. ఈ సూచన మేము తెప్పించుకున్న ఏ సంస్థ కరపత్రంలోనూ కనిపించలేదు, ఉండి ఉంటే చాలామంది శ్రమ తప్పేది.

ఎంజైము నాణ్యతకు అయిదింటికి నాలుగున్నర మార్కులు, 3జీ10కి అయిదుకు అయిదు, సరఫరాకు మాత్రం రెండే ఇస్తాను. ధర ఎక్కువ, సరుకు విదేశాల నుంచి రావాలి, వారాలు పడుతుంది. ఒక వేసవిలో డీలరు పంపిన పెట్టె తెరిచేసరికి పొడి మంచు పూర్తిగా ఆవిరైపోయి, సీసాలోని ద్రవం గోరువెచ్చగా ఉంది. 232 నానోమీటర్ల దగ్గర కొలిస్తే చురుకుదనం దాదాపు లేదు. కొలిచిన రీడింగులు జతపరిచి రాస్తే మారుస్తామన్నారు, మార్చడానికి మళ్లీ వారాలు పట్టింది. అందుకే పొడి రూపంలో దొరికితే దానికే మొగ్గు చూపండి. ద్రవరూపమే కొనవలసి వస్తే ఏప్రిల్, మే నెలలు తప్పించండి. తప్పకపోతే వారం మొదట్లో బయలుదేరేలా, శనివారం గోదాములో ఉండిపోకుండా ఆర్డరులోనే షరతు రాయించండి. పెట్టె అందిన గంటలోపే ఒక మైక్రోలీటరు తీసి కొలిచి, రీడింగును లాట్ నంబరుతో సహా నోటుపుస్తకంలో రాసుకున్నాకే మిగతాది ఫ్రీజరులోకి పంపండి.